చేతి ట్రాక్టరు ఇంజను: మరమ్మతు, శ్రుతి

తెలుగు పాఠములు చెప్పుకొనువారికి ఇంజనుల ప్రసక్తి ఎందుకని మా సహాధ్యాపకులు అడుగక మానరు. మా మనవి ఒక్కటే. మా తరగతులలో కూర్చుండు విద్యార్థులలో పలువురి ఇండ్లలో నీరు తోడు ఇంజనో, పవర్ టిల్లరో, మందు కొట్టు యంత్రమో ఉన్నది. అది నిలిచిపోయిన దినమున ఆ ఇంట ఎవరికిని అన్నము సహింపదు. అయినను ఆ యంత్రముతో పాటు వచ్చిన చిన్న పుస్తకము ఆంగ్లములో ఉండి, ప్లాస్టిక్ సంచిలో దూలమునకు వ్రేలాడుచునే ఉండును. దానిని దించి చదివి చెప్పవలసిన బాధ్యత చదువుకొన్న కొడుకుది. కొడుకు చదువుకొన్నది మరొక శాస్త్రమగుట వలన ఆ సంచి అట్లే ఉన్నది.

మాకు ఈ విద్య పుస్తకముల వలన అబ్బినది కాదు. టేకులపల్లిలో మా పెద్ద మామూ మిస్త్రీ. సెలవులు వచ్చినవనగా అక్కడికి పోవుట, పానలు అందించుట, డీజిలు పోసిన పళ్ళెములో నట్లు కడుగుట మా చిన్ననాటి పని. విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదువునాటికి కూడ మా గోళ్ళ సందులలోని నల్లని మడ్డి పూర్తిగా వదలలేదు. ఆ కొట్టములో విన్నదానిని, తరువాత చదివి సరిచూచుకొన్నదానిని కలిపి ఇక్కడ వ్రాయుచున్నాము.

టేకులపల్లి ఇల్లెందు నుండి కొత్తగూడెమునకు పోవు దారిలో ఉన్నది. 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలోనిది, అప్పటి నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనిది. ఊరి పేరులోనే టేకు ఉన్నది. చుట్టును అడవి, అడవి అంచున కోయ గూడెములు, లంబాడీ తండాలు, వాటి నడుమ వరి, ప్రత్తి, మొక్కజొన్న, మిరప చేలు. మండలములోనే కోయగూడెం ఉపరితల బొగ్గు గని. యంత్రము ఈ నేలకు క్రొత్తది కాదు. ఇల్లెందులో బొగ్గు త్రవ్వకము 1889లోనే మొదలైనది. అయితే గనిలోని యంత్రము రైతు చేతికి వచ్చుటకు చాల కాలము పట్టినది. పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ 1946లో ఏర్పడిన పిమ్మట ఆయిలింజను అనునది పల్లెలలో ఇంటి మాట అయినది. చేతులతో పట్టి నడుపు చిన్న ట్రాక్టరు, అనగా పవర్ టిల్లరు, జపాను దేశపు చిన్న కమతములలో విరివిగ వాడుకకు వచ్చినది. మిత్సుబిషి వారి సహకారముతో బెంగుళూరులో వి.ఎస్.టి. సంస్థ 1967లోను, కుబోటా వారి సహకారముతో కేరళలో కామ్కో అను ప్రభుత్వ సంస్థ 1973లోను ఏర్పడినవి. మామూ కొట్టము ముందుకు వచ్చు చేతి ట్రాక్టర్లలో ఈ రెండు రకములే ఎక్కువ.

దీని రూపము తెలియనివారు ఉండరు. రెండు చక్రములు, రెండు పొడుగు పిడులు, ముందు భాగమున పరుండబెట్టినట్లున్న ఒకే సిలిండరు గల డీజిలు ఇంజను. వి.ఎస్.టి. వారి ప్రసిద్ధమైన నమూనా నిమిషమునకు 2400 చుట్లు తిరుగుచు 13 అశ్వశక్తి నిచ్చును. దాని సిలిండరు వ్యాసము 95 మిల్లీమీటర్లు, పిస్టను నడచు దూరమును అంతే. అరచేయి వెడల్పుకన్న కొంచెము పెద్దదైన ఆ గొట్టములోనే రైతు వ్యవసాయమంతయు ఇమిడియున్నది.

ఒక వానాకాలమున జరిగిన సంగతి చెప్పెదము. దగ్గరి తండా నుండి ఒక రైతు తన టిల్లరును అద్దె ఆటోలో వేసికొని మామూ వద్దకు తెచ్చినాడు. “మిస్త్రీ సాబ్, పావుగంట మంచిగనే నడుస్తది. మళ్ళ దానంతట అదే బంద్ అయితది. జరంత సేపాగి తిప్పితే మళ్ళ నడుస్తది” అన్నాడు. అప్పటికే పట్టణములో ఒక కొట్టునకు తీసికొనిపోయినాడట. వారు పంపు విప్పి, నాజిలు క్రొత్తది వేసి, ఏడు వేల రూపాయలు పుచ్చుకొన్నారట. యంత్రము ఇంటికి వచ్చి మరల పావుగంటకే ఆగినది. పొలము సగము దమ్ము చేసి ఉన్నది. నారు ముప్పది దినములు దాటినది. నారు ముదిరినకొలది పిలకలు తగ్గునని, పిలకలు తగ్గిన గింజ తగ్గునని తెలిసినవాడు గనుక అతడు మాటాడుచునే మాటిమాటికి మబ్బు వైపు చూచుచుండెను.

మామూ పాన ముట్టలేదు. “ఇక్కడనే నడిపియ్యి, చూస్తం” అని చాయ్ తెప్పించినారు. పావుగంట గడచునప్పటికి ఇంజను గొంతు సన్నగిల్లినది. ఆ తరువాత ఏమి జరిగినదో చెప్పుటకు ముందు, ఇంజను లోపల జరుగు పనిని కొంత వివరింపవలసి యున్నది.

డీజిలు ఇంజనులో నిప్పు పుట్టించు ప్లగ్గు లేదు. సైకిలు చక్రమునకు గాలి కొట్టినవారికి దీని రహస్యము సగము తెలిసినట్లే. పంపు క్రింది భాగము చేతికి చురుక్కుమనును. గాలిని హఠాత్తుగా నొక్కిన వేడి పుట్టును. జర్మనీ దేశీయుడగు రుడాల్ఫ్ డీజిల్ ఈ సూత్రము నాధారముగ గొని 1892లో పేటెంటు కొరకు దరఖాస్తు చేసినాడు. 1897 నాటికి ఆయన ఇంజను నూనెలోని శక్తిలో నాలుగవ వంతునకు పైగా పనిగా మార్చగలిగినది. ఆ కాలపు ఆవిరి యంత్రములకు అది అందని మాట. 1900లో పారిస్ ప్రదర్శనమున ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపినారు. ఆ సంగతి వినిన మామూ, “అట్లయితే ఆ దినము అక్కడ బజ్జీల వాసన వచ్చియుండును” అని నవ్వినారు.

పిస్టను నాలుగు నడకలలో ఒక ఆవృత్తి పూర్తిచేయును. మొదటి నడకలో గాలిని పీల్చును. రెండవ నడకలో ఆ గాలిని పదునారవ వంతునకో ఇరువదవ వంతునకో కుదించును. అప్పుడు గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి కాగును. సరిగా ఆ సమయమున పంపు నెట్టిన డీజిలు నాజిలు సన్నని రంధ్రముల గుండ పొగమంచువలె లోపల పడి తనంతట తానే మండును. ఆ మంట పిస్టనును తన్నుట మూడవ నడక. కాలిన పొగను వెడలగొట్టుట నాలుగవది. ఇంజను నిమిషమునకు 2400 చుట్లు తిరుగునప్పుడు ఈ మంట సెకండునకు ఇరువది మార్లు అంటుకొనుచున్నదని లెక్క. ఒక్కొక్క మారు లోపల పడు డీజిలు ఒక చుక్కను మించదు. ఆ చుక్క వచ్చు వేళ తప్పినను, పరిమాణము తప్పినను, దానికి ఎదురుగ వేడిగాలి చాలకున్నను ఇంజను జబ్బుపడును. తక్కిన జబ్బులన్నియు ఈ మూటిలో ఏదో ఒకదాని క్రిందికే వచ్చును.

ఇక మామూ కొట్టమునకు మరలెదము. ఇంజను చప్పుడు తగ్గి ఆగబోవు క్షణమున మామూ లేచి డీజిలు టాంకీ మూతను త్రిప్పి వదలు చేసినారు. ‘ఫుస్సు’మని గాలి లోపలికి పోయిన చప్పుడు మా కందరికి వినబడినది. ఇంజను దమ్ము తీసికొని యథాప్రకారముగ ఆడసాగినది. మూత నడుమ సూదిమొన వంటి రంధ్రము ఒకటి ఉండును. అది బురదతో పూడిపోయి ఉన్నది. టాంకీలోని డీజిలు క్రిందికి దిగినకొలది ఆ ఖాళీలోనికి బయటి గాలి రావలెను. రాకున్న లోపల శూన్యమేర్పడి డీజిలును క్రిందికి దిగనీయదు. నీటి కుండ మూతికి అరచేయి అడ్డుపెట్టి వంచిన ధార నిలిచిపోవుట చూచినాము గదా. ఇంజను ఆగిన పిమ్మట ఏ సందు నుండియో మెల్లగ గాలి చేరును గనుక కొంతసేపటికి మరల నడచును. మామూ తుమ్మముల్లుతో ఆ రంధ్రమును పొడిచి శుభ్రము చేసి, చాయ్ త్రాగించి రైతును పంపినారు. డబ్బు అడుగలేదు.

మామూ శిష్యులకు చెప్పు మాట ఒకటున్నది. “పహలే సున్, ఫిర్ ఖోల్.” ముందు విను, తరువాత విప్పు అని అర్థము. వినుట ఉచితము. విప్పుట ఉచితము కాదు, విప్పిన ప్రతి జాయింటు మరల మునుపటివలె కూర్చుండునన్న నమ్మకమును లేదు. కనుక ఖర్చు లేని చోట మొదలుపెట్టి ఖర్చయిన చోటికి పోవలెను గాని, తలక్రిందులుగ పోరాదు.

ఇంజను అంటుకొననప్పుడు మొదట చూడవలసినది డీజిలు దారి. టాంకీ, కుళాయి, వడపోత గిన్నె, సన్నగొట్టము, పంపు, లావు గోడల ఇనుపగొట్టము, నాజిలు, ఇది దాని వరుస. డీజిలు పూర్తిగా అయిపోవునంతవరకు నడిపినచో ఈ దారిలో గాలి దూరును. పంపు డీజిలును నెట్టగలదు గాని గాలిని నెట్టలేదు. గాలి స్పంజివలె నొక్కుకొనిపోవును, నాజిలు తెరచుకొనదు. దీనినే మన మిస్త్రీలు ‘ఎయిర్ పట్టినది’ అందురు. విరుగుడు సులభము. వడపోత మీది చిన్న మరను రెండు చుట్లు వదలు చేసి, బుడగలు పోయి స్వచ్ఛమైన డీజిలు ధార కట్టువరకు ఓపిక పట్టి బిగింపవలెను. తరువాత పంపు మీది మరను అట్లే చేయవలెను. చివరకు నాజిలు వద్ద లావు గొట్టపు నట్టును కొంచెము వదలి, దమ్ము లివరు ఎత్తి హ్యాండిలు త్రిప్పుచుండిన డీజిలు చిమ్మును. అప్పుడు బిగించి మరల త్రిప్పినచో ప్రతి రెండవ చుట్టునకు నాజిలు నుండి ‘కిర్రు’మను చిన్న శబ్దము వినబడును. ఆ శబ్దము వినబడినదా, డీజిలు దారి బాగున్నదని మూడు వంతులు నమ్మవచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక. నాజిలును బయటకు తీసి, గొట్టమునకే బిగించి, చిమ్ముట చూచు అలవాటు పల్లె మిస్త్రీలలో కలదు. చిమ్ము తీరు చూచుట మంచిదే. ధారగా కారక, చుక్క వ్రేలాడక, మంచువలె విరిసి పడవలెను. కాని అప్పుడు చేయి గాని ముఖము గాని దాని యెదుట ఉంచరాదు. చదరపు సెంటీమీటరుకు నూటయేబది కిలోగ్రాములకు మించిన ఒత్తిడితో వచ్చు ఆ డీజిలు చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. పైకి సూది పోటువలె కనబడును, నొప్పియు మొదట అంతగా ఉండదు. లోపల కండ కుళ్ళి వ్రేలు తీసివేయవలసిన స్థితి వచ్చును. అట్లు జరిగిన వెంటనే, వాపు వచ్చువరకు ఆగక, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి పోవలెను.

పంపు లోపలి ముచ్చట కొంత చెప్పుకొనవలెను. అందలి కడ్డీకి దాని గొట్టమునకు నడుమ నుండు ఖాళీ రెండు మూడు మైక్రానులు. మన తలవెంట్రుక మందము సుమారు డెబ్బది మైక్రానులు. ఇంత బిగువైన చోట వేరే కందెన లేదు, డీజిలే కందెన. రేషను కిరోసిను విరివిగా దొరికిన రోజులలో దానిని డీజిలులో కలిపి నడిపినవారు, నాలుగు రూపాయలు మిగిలినవనుకొని పంపునే అరుగదీసికొన్నారు. తుప్పు పట్టిన డబ్బాలో నిలువచేసిన డీజిలు, వానలో మూత లేక ఉంచిన డబ్బా, వడపోత లేని గరాటు, ఇవియు అటువంటివే.

డీజిలు దారి బాగున్నప్పుడు పొగను చూడవలెను. నల్లని పొగ వచ్చినచో లోపలికి పోయిన డీజిలునకు తగిన గాలి లేదని అర్థము. గాలి వడపోత మూసికొనియుండవచ్చును, నాజిలు ధారగా కారుచుండవచ్చును, లేదా యంత్రము మీద దాని శక్తికి మించిన బరువు పెట్టి ఉండవచ్చును. నీలి పొగ కందెన నూనె కాలుచున్నదని చెప్పును. రింగులు అరిగినను, నూనె గీటునకు మించి పోసినను అట్లగును. తెల్లని పొగ ఉదయపు చలిలో కొద్దిసేపు వచ్చి పోయినచో చింతలేదు. వేడెక్కిన పిమ్మటను వచ్చుచున్నచో డీజిలు మండకయే బయటకు పోవుచున్నది, లేదా హెడ్డు గ్యాస్కెట్టు వద్ద నీరు లోపలికి దిగుచున్నది.

దమ్మును చేతితోనే చూడవచ్చును. దమ్ము అను మాట మా ప్రాంతమున రెండు విధముల వాడుక. పొలమును నీట కలియదున్నుట ఒకటి, ఊపిరి మరొకటి. మొదటి దమ్ము చేయు ఈ యంత్రమునకు రెండవ దమ్ము ఉండవలెను. డీజిలు ఆపి, లివరు దించి, హ్యాండిలును మెల్లగ త్రిప్పినచో ఒకచోట అది స్ప్రింగువలె ఎదురు తిరుగవలెను. బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ వైపుననే ఉంచవలెను. హ్యాండిలు వెనుకకు తన్నినప్పుడు మణికట్టు విరుగకుండుటకు ఇదే రక్ష. ఎదురు తిరుగక మెత్తగ పోయినచో, ఆ బిగువు వద్దనే హ్యాండిలును నొక్కి పట్టి మరొకరిని చెవి పెట్టుమనవలెను. పొగగొట్టములో సుయ్యుమనినచో ఎగ్జాస్టు వాల్వు కారుచున్నది. గాలి వచ్చు దారిలో వినబడినచో ఇన్‌లెట్ వాల్వు. నూనె పోయు రంధ్రము వద్ద వినబడినచో రింగులు. నీటి తొట్టిలో బుడగలు లేచినచో గ్యాస్కెట్టు. ఒక్క బోల్టును విప్పకయే ఇంత తెలియును.

ఈ రింగులు అరుగుటకు మూలము వయస్సు కాదు, దుమ్ము. ఎండు చేలో రోటవేటరు త్రిప్పునప్పుడు యంత్రము తాను లేపిన దుమ్ములోనే తాను ఊపిరి పీల్చును. మా వైపున దానికి తోడు దారుల మీది బొగ్గు ధూళి. నూనె గిన్నె గల వడపోత ఉన్నచో, దున్నకము రోజులలో ప్రతి దినము విప్పి చూడవలెను. నూనె చిక్కబడి అడుగున మడ్డి పేరినచో పారబోసి, గిన్నె కడిగి, గీటు వరకే క్రొత్త నూనె పోయవలెను. గీటు వరకే అనుటకు కారణము మా అనుభవమే. ఇంటర్మీడియెట్ చదువుచున్న సెలవులలో, ఎక్కువ పోసిన ఎక్కువ మేలని తలచి ఆ గిన్నెను అంచు వరకు నింపినాము. ఇంజను ఆ నూనెను గాలితో పాటు పీల్చి దానినే ఇంధనముగ మండించుకొని కేకలు వేయుచు వేగము పెంచసాగినది. మేము డీజిలు కుళాయి కట్టివేసినాము, ఆగలేదు. తన ఆహారమును తానే లోపలికి లాగుకొనుచున్నదానికి కుళాయితో పని ఏమి? కొట్టమంతయు తెల్లని పొగ. మామూ పరుగున వచ్చి తడి గోనెసంచిని మడిచి గాలి దారికి అదిమిపట్టినారు. కొన్ని క్షణములకు అది ఊపిరాడక ఆగినది. ఇంకొక నిమిషము ఆలస్యమైనచో కనెక్టింగ్ రాడు విరిగి గోడ చీల్చుకొని బయటకు వచ్చియుండెడిది. మామూ మమ్ము తిట్టలేదు. ఆ సాయంత్రము వరకు మాతో మాటాడకుండుటయే చేసినారు. అట్టి సమయమున గాలి దారికి చెక్కపలకనో తడిసంచినో అడ్డుపెట్టవలెను గాని చేతిని పెట్టరాదు.

ఇప్పుడు శ్రుతి. ఆంగ్లములో వీణెకును ఇంజనునకును ఒకే మాట వాడుదురు. మన మిస్త్రీలు ‘సెట్టింగు’ అందురు. మేము శ్రుతి అనుచున్నాము. ఏలయన ఇది వేగము పెంచుట కాదు. తయారు చేసినవారు పెట్టిన కొలతకు, అరుగుదల వలన జారిపోయినదానిని తిరిగి తెచ్చుట. అందు మొదటిది వాల్వుల ఖాళీ. వాల్వు కాడ చివరకు దానిని నొక్కు రాకరు చేతికి నడుమ చిన్న ఎడము ఉండవలెను. ఇంజను వేడెక్కినప్పుడు వాల్వు కాడ పొడుగగును. ఎడము లేనిచో వాల్వు పూర్తిగా మూసికొనలేదు. ఆ సందున నిప్పువంటి పొగ దూసికొనిపోయి దాని అంచును కాల్చివేయును. ఎడము ఎక్కువైనచో వాల్వు ఆలస్యముగ, తక్కువగ తెరచుకొనును, ‘టక్ టక్’మని చప్పుడు చేయును. చప్పుడు చేయుదానికి అందరు భయపడుదురు. చప్పుడు చేయనిదానికి భయపడవలెనని మామూ అందురు. వాల్వు తన గద్దెలోనికి అరిగి దిగినకొలది ఎడము తగ్గి చప్పుడు ఆగిపోవును, యజమాని సంతోషించును, వాల్వు కాలిపోవును.

ఇంజను పూర్తిగా చల్లబడినప్పుడే ఈ కొలత తీయవలెను. ఫ్లైవీలు మీది గుర్తును సరిచేసి, పిస్టను దమ్ము బిగువు చివర ఉండునట్లు నిలుపవలెను. అప్పుడు రెండు రాకరులును వదులుగ కదలవలెను. ఒకటి బిగువుగ ఉన్నచో మరొక చుట్టు త్రిప్పవలెను. చిన్న ఇంజనులలో ఈ ఎడము సామాన్యముగ 0.15 నుండి 0.30 మిల్లీమీటర్ల నడుమ ఉండును. మీ ఇంజను కొలత ఏదో దూలమునకు వ్రేలాడు పుస్తకములో ఉన్నది. కొలత రేకులు లేని కాలమున మామూ గడ్డము గీసికొను బ్లేడులు వాడినారు. రెండువైపుల పదునుగల సామాన్యమైన బ్లేడు మందము 0.10 మిల్లీమీటరు. రెండు కలిపిన 0.20. కొలత రేకుల కట్ట ఇప్పుడు పెద్ద ధర లేనిది గనుక అది కొనుటయే మేలు. రేకు పోగూడదు, పోకయుండగూడదు. లాగినప్పుడు వెన్న పట్టిన కత్తివలె కొంచెము పట్టి వదలవలెను. మరను నిలిపి లాక్‌నట్టు బిగించిన పిమ్మట మరల ఒకసారి చూడవలెను. బిగించునప్పుడే కొలత జారుట సర్వసాధారణము.

రెండవది డీజిలు చిమ్ము వేళ. పిస్టను చివరకు చేరుటకు కొన్ని డిగ్రీల ముందే చిమ్ముట మొదలు కావలెను. మంట అంటుకొనుటకును కొంత వ్యవధి కావలెను గదా. ఆ చోటును కూడ ఫ్లైవీలు మీద గుర్తించి ఇత్తురు. పంపు క్రింద ఉండు పలుచని రేకులే, అనగా షిమ్ములే, దీనిని నిర్ణయించును. రేకు చేర్చిన చిమ్ముట ఆలస్యమగును, తీసిన ముందగును. ముందుగ చిమ్మిన ఇంజను సమ్మెటతో కొట్టినట్లు మ్రోగును, హ్యాండిలు తన్నును. ఆలస్యమైన పొగ పెరిగి, గొట్టము ఎర్రగ కాగి, బలము తగ్గును. పంపు విప్పినవారు ఆ రేకులను గ్రీజు మడ్డితో పాటు తుడిచి పారవేయుటయో, లెక్క పెట్టక తిరిగి వేయుటయో మేము ఒకటి కన్న ఎక్కువసార్లు చూచినాము. విప్పునప్పుడే లెక్కించి దారమునకు గ్రుచ్చి ఉంచవలెను.

మూడవది గవర్నరు. బరువు పెరిగినప్పుడు డీజిలు పెంచి, తగ్గినప్పుడు తగ్గించి వేగమును ఒకే తీరుగ నిలుపునది ఇదే. దీని స్ప్రింగును బిగించి, “బండి ఉరుకుతున్నది” అని మురిసిపోవు యువకులు ప్రతి ఊరను ఉన్నారు. 2400 చుట్ల వద్ద పిస్టను సెకండునకు ఎనుబది మార్లు ఆగి వెనుదిరుగుచున్నది. వేగము పదింట ఒక వంతు పెంచినచో ఆ తిరుగుడులో రాడు మీద పడు లాగుడు అయిదింట ఒక వంతునకు మించి పెరుగును. వేగము దాని వర్గము మేరకు శిక్షించును. గవర్నరు మరకు కంపెనీవారు వేసిన సీలును త్రెంచవలసిన అవసరము రైతునకు ఎన్నడును రాదు.

నీరు, నూనెల విషయము అందరికి తెలిసినదే. కాగిన ఇంజనులో చన్నీరు పోసిన హెడ్డు పగులును. వేళకు మార్చని నూనె బేరింగులను తినును. ఇంతకన్న ఇక్కడ విస్తరింప నవసరము లేదు.

మా శాఖకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పక తప్పదు. కొట్టములో మేము నేర్చిన మాటలు ఏ ఒక్క భాషవియు కావు. పాన, పేచ్‌కస్, రేతీ ఉర్దూ నుండి వచ్చినవి. మర, ఆకురాయి, సుత్తె, పట్టకారు తెలుగువి. నట్టు, నాజిలు ఆంగ్లమువి. లంబాడీ రైతు, కోయ రైతు, సాయిబు మిస్త్రీ ఈ మాటలతోనే ఒకరి కష్టము ఒకరికి చెప్పుకొందురు. ఈ మాటలను ఇంకను ఎవరో ఒకరు కూర్చి నిఘంటువుగ వ్రాయవలసి యున్నది. ఒకసారి తరగతిలో తండ్రుల వృత్తులు అడిగినప్పుడు, మాకు బాగుగ తెలిసిన ఒక మిస్త్రీగారి అబ్బాయి ‘వ్యాపారము’ అని చెప్పినాడు. మేము వ్రాసికొన్నాము. తరువాత చాలసేపు పాఠము మీద మనస్సు నిలువలేదు. మామూ ఇద్దరు కొడుకులలో ఎవరును పాన పట్టలేదు. ఒకరు హైదరాబాదులో, ఒకరు దుబాయిలో ఉన్నారు. ఇప్పుడు కొట్టునకు వచ్చు కుర్రవాడు చెడినదానిని కనుగొనుటకన్న మార్చుటయే త్వరగ నేర్చుకొన్నాడు. మార్చుటకు డబ్బిచ్చువారు ఉన్నంత కాలము అతని తప్పేమి?

నిరుటి సంక్రాంతి సెలవులలో టేకులపల్లి పోయినాము. ఆ తండా రైతు టిల్లరు కొట్టము ముందు మరల నిలిచియున్నది. ఈసారి వాల్వుల పని. టాంకీ మూతకు దారముతో ఒక సూది కట్టి ఉన్నది. మామూకు కంటిచూపు తగ్గినది. కొలత రేకుల మీది అంకెలు చదువుట మా పని అయినది. “ఇరవై” అని చదివి అందించినాము. రేకును రాకరు క్రిందికి పోనిచ్చి, కన్నులు మూసికొని, రెండు వ్రేళ్ళతో లాగి చూచి, “జర బిగువున్నది బేటా, ఒక నూలు వదులు చెయ్యి” అన్నారు.